బండి గుద్దుకున్నాక పంపు ఆగాలి: ఇనర్షియా స్విచ్ వైరింగ్

పోయిన ఎపిసోడ్‌లో కస్టమ్ బండ్ల గురించి మాట్లాడుతూ "ఇనర్షియా స్విచ్" అని ఒక మాట అనేసి ముందుకు పోయాం. తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో సగం దాని గురించే. "అన్నా, రిలే నంబర్లు నోటితో చెప్తే ఎట్ల యాదికుంటయి, రాసి పెట్టు" అన్నారు. అందుకే ఇది రాస్తున్నా. ఫోన్‌లో దాచుకుని, బండి కింద పడుకున్నప్పుడు తీసి చూసుకోండి.

ముందే చెప్తున్నా, నేను మెకానిక్‌ని కాను. ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, ఇక్కడ కన్‌స్ట్రక్షన్ సైట్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నా. మా క్యాంపు అల్ ఖూజ్‌లోనే. గేటు దాటి నాలుగు సందులు నడిస్తే వరసగా గరాజులే. ఆదివారం పూట మా జగిత్యాల తమ్ముడు పనిచేసే గరాజ్‌కి పోయి కూర్చుంటా. అక్కడ ఇంజన్ విప్పి బిగించేవాళ్ళు చాలామంది ఉన్నారు. వైరింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "కరెంటోడిని పిలువు" అంటారు.

అసలు సమస్య ఏంటో చూద్దాం. మన ఊళ్ళో తిరిగిన పాత కార్బురేటర్ మారుతి 800 గుర్తుందా? దాని పెట్రోల్ పంపు ఇంజన్ మీదే ఉండేది. ఇంజన్ తిరిగితేనే ఆ పంపు కొట్టుకుంటుంది. బండి ఎక్కడన్నా గుద్దుకుని ఇంజన్ ఆగిందంటే పంపు కూడా ఆగినట్టే, దానికి వేరే స్విచ్ అక్కరలేదు. ఇంజెక్షన్ బండ్లు వచ్చాక పంపు ట్యాంకులోకి పోయింది, కరెంటుతో నడుస్తోంది. ఇంజన్ ఆగినా, కరెంటు అందుతున్నంతసేపు అది పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

ఎంత తోస్తుంది? కస్టమ్ బండ్లలో ఎక్కువగా వాడే పంపును గరాజుల్లో "255 పంపు" అంటారు. గంటకు 255 లీటర్లు అని దాని లెక్క. 60తో భాగిస్తే నిమిషానికి 4 లీటర్ల పైమాటే. పైపు తెగి, ముందు ఒత్తిడి లేకుండా బయటికి పోస్తుంటే, స్పృహ తప్పిన డ్రైవర్‌ని బయటికి లాగేలోపు బండి కింద ఒక బకెట్ పెట్రోలు చేరుతుంది. పక్కనే ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ ఉంటుంది. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా మంటకు సరిపడా ఆవిరి వదులుతుంది. మన ఎండాకాలం 45 డిగ్రీల సంగతి వేరే చెప్పాలా.

కంపెనీ వాళ్ళకు ఇది ఎప్పుడో తెలుసు. ఫోర్డ్ 1980ల నుంచే తన బండ్లలో ఇనర్షియా స్విచ్ పెట్టింది, కొన్నిటికి డిక్కీలో, కొన్నిటికి ముందు సీటు కాళ్ళ దగ్గర. ఇప్పటి బండ్లలో ఆ పని ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలే చూసుకుంటుంది. గుద్దుకోగానే అది ఇంజన్ కంప్యూటర్‌కి కబురు పెడుతుంది, కంప్యూటర్ పంపును ఆపేస్తుంది.

మరి కస్టమ్ బండి మాటేంటి? ఒక బండి బాడీ, ఇంకో బండి ఇంజన్, కొత్తగా కొన్న కంప్యూటర్, బజార్లో కొన్న పంపు. షార్జా స్క్రాప్ నుంచి ఇంజన్ వస్తుంది, దాని వైరింగ్ కట్ట కూడా వస్తుంది. గుద్దుకున్న సంగతి పసిగట్టే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ మాత్రం ఆ స్క్రాప్‌లోనే ఉండిపోతుంది. బండి స్టార్ట్ అవుతుంది, లాగుతుంది, మంచి సౌండ్ వస్తుంది. ఏదో తక్కువైందని ఎవరికీ తోచదు, ఎందుకంటే ఆ తక్కువైనదానికి గుద్దుకున్న రోజు తప్ప పని లేదు.

ఇక స్విచ్ సంగతి. బస్సు బ్రేక్ కొడితే మనం ముందుకు తూలుతాం కదా, బడిలో దాన్నే జడత్వం అన్నారు. స్విచ్ లోపల అదే ఉంది. గరాటు లాంటి చిన్న గిన్నె, అడుగున అయస్కాంతం, దాని మీద ఒక ఉక్కు గుండు. మామూలు కుదుపులకు అయస్కాంతం గుండును వదలదు. గట్టిగా గుద్దుకుంటే గుండు విడిపోయి, గిన్నె అంచు వెంబడి పైకి ఎగబాకి, పైనున్న పలకను తడుతుంది. కాంటాక్ట్ తెరుచుకుంటుంది. మళ్ళీ పనిచేయాలంటే నెత్తి మీదున్న బటన్‌ను చేత్తో నొక్కాలి. దానంతట అది మళ్ళీ కలవదు. సైట్‌లో ఎమర్జెన్సీ స్టాప్ కొడితే తిప్పి లాగేదాకా హాయిస్ట్ కదలదు చూడండి, అదే పద్ధతి.

చాలా స్విచ్‌లకు మూడు టెర్మినల్స్ ఉంటాయి: కామన్, ఎన్.సి., ఎన్.ఓ. మామూలుగా కలిసి ఉండేది ఎన్.సి., గుద్దుకుంటే కలిసేది ఎన్.ఓ. పంపు పని కామన్, ఎన్.సి. మధ్య జరగాలి. రెండు టెర్మినల్సే ఉన్న స్విచ్ అయితే గందరగోళమే లేదు. స్క్రాప్‌లో కొన్నదైతే మీటర్ పెట్టి కంటిన్యుటీ చూడకుండా రంగును బట్టి కలపొద్దు.

ఇప్పుడు వైరింగ్. మొదటి పని బ్యాటరీ నెగటివ్ తీసేయడం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైంది, కిందికి దిగి పిట్‌లో నిలబడుతుంది. పిట్‌లో మనిషి ఉండగా పైన ట్యాంకు మూత తీసి వైర్లు గీకడం నేను చూశా. గరాజ్ పేరు చెప్పను.

రిలేకి నాలుగు కాళ్ళు: 30, 87, 85, 86. 30కి బ్యాటరీ ప్లస్ రావాలి, మధ్యలో ఫ్యూజ్ ఉండాలి. ఆ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఎందుకంటే ఫ్యూజ్‌కి ముందున్న వైర్‌కి ఏ రక్షణా లేదు, అది బాడీకి రాసుకుంటే అక్కడే మంట. 87 నుంచి పంపు ప్లస్‌కి. పంపు మైనస్ శుభ్రంగా గీకిన బాడీ ఎర్త్‌కి. 86కి ఇగ్నిషన్ ప్లస్, 85కి మైనస్. కొన్ని రిలేల లోపల డయోడ్ ఉంటుంది, వాటిలో 85, 86 తారుమారు చేస్తే డయోడ్ కాలిపోతుంది. అన్ని రిలేలకూ 86నే ప్లస్ అని అలవాటు చేసుకుంటే గొడవ లేదు.

ఇంజన్ కంప్యూటర్ ఉన్న బండ్లలో 85 నేరుగా ఎర్త్‌కి పోదు. కంప్యూటర్ తీసుకుపోయి ఎర్త్ చేస్తుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు పంపు నడిపి ఆపేస్తుంది, ఇంజన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ వస్తేనే మళ్ళీ నడిపిస్తుంది. ఇది చాలా మంచి ఏర్పాటు, దీని మాట మళ్ళీ వస్తుంది.

ఇనర్షియా స్విచ్ ఎక్కడ పెట్టాలి అన్నదే అందరూ అడిగిన ప్రశ్న. రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి 87 నుంచి పంపుకి పోయే లావు వైర్లో. ఇంకోటి 86కి వచ్చే సన్న వైర్లో, అంటే రిలే కాయిల్ దారిలో.

ఎలక్ట్రీషియన్ చదివినవాళ్ళకు డీఓఎల్ స్టార్టర్ గుర్తు చేస్తా. మోటార్ ఎంత పెద్దదైనా స్టాప్ బటన్ నో-వోల్ట్ కాయిల్ దారిలోనే ఉంటుంది. చిన్న కరెంటును తెంపితే కాంటాక్టర్ పడిపోయి పెద్ద కరెంటు తెగుతుంది. ఆ లెక్కన 86 దారి బాగుంది: స్విచ్ మీద భారం లేదు, కాంటాక్ట్ వేడెక్కదు. దాని లోపం ఒకటే. రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతే కాయిల్‌కి కరెంటు తెంపినా పంపు ఆగదు. ఊళ్ళో బోరు మోటార్ స్టార్టర్ అతుక్కుని, స్టాప్ నొక్కినా ఆగకపోవడం మనలో చాలామంది చూసిందే.

లావు వైర్లో పెడితే ఆ భయం లేదు. రిలే అతుక్కున్నా స్విచ్ నేరుగా పంపునే తెంపుతుంది. ఫోర్డ్ వాడిన పద్ధతి ఎక్కువగా ఇదే. అయితే పంపు కరెంటు మొత్తం ఆ చిన్న స్విచ్ గుండానే పోవాలి. పాత స్విచ్, వదులైన క్లిప్పు కలిపి ఒక్క 0.1 ఓమ్ అడ్డం వచ్చినా 10 ఆంప్స్ దగ్గర 1 వోల్ట్ అక్కడే పోతుంది. పంపు నీరసిస్తుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

నా లెక్క ఇది. కార్బురేటర్‌కి పెట్టే చిన్న పంపు అయిదారు ఆంప్స్ లోపే తీసుకుంటుంది, దానికి లావు వైర్లోనే పెట్టండి. ఒక ఇంజెక్షన్ పంపు అయితే స్విచ్ మీద రాసిన ఆంప్స్ చూసి, పంపు తీసుకునేదానికంటే బాగా ఎక్కువ ఉంటే అక్కడే పెట్టండి. రెండు పంపులు కలిపి 20 ఆంప్స్ దాటే టర్బో బండ్లకు 86 దారే సరి, కానీ రిలే మంచి కంపెనీది, కొత్తది కొనాలి. పది దిర్హాములు మిగులుతాయని స్క్రాప్ రిలే వేయొద్దు.

ఎక్కడ పెట్టినా ప్లస్ వైపే. "85 వైపు పెడితే వైర్ పొట్టిగా అయితది కదా అన్నా" అని తమ్ముడు అడిగాడు. అవుతుంది. కానీ బండి నలిగినప్పుడు 85 వైర్ తోలు ఊడి బాడీకి తగిలితే? దానికి కావాల్సింది ఎర్తే, అది దొరికింది. స్విచ్ తెరుచుకున్నా రిలే పడుకోదు, పంపు ఆగదు. అదే ప్లస్ వైపు వైర్ బాడీకి తగిలితే ఫ్యూజ్ పోతుంది, పంపు ఆగుతుంది. ఇంటి వైరింగ్‌లో స్విచ్ ఫేజ్‌లో పెట్టాలి, న్యూట్రల్‌లో కాదు అని మొదటి నెలలోనే నేర్పారు. ఇక్కడా అంతే.

ఎన్.ఓ. టెర్మినల్‌ని వదిలేయకండి. దాని నుంచి డ్యాష్‌బోర్డ్ మీద ఒక చిన్న ఎర్ర లైటుకి వైర్ లాగి, లైటు రెండో కాలు ఎర్త్ చేయండి. స్విచ్ పడితే లైటు వెలుగుతుంది. ఎడారి మధ్యలో బండి ఆగితే పంపు పోయిందా, స్విచ్ పడిందా అని వెతుక్కోవడం తప్పుతుంది.

వైర్ విషయంలో సైట్ వాళ్ళకు ఒక మాట. మిగిలిపోయిన 2.5 స్క్వేర్ ఎంఎం బిల్డింగ్ వైర్ ముక్కలు గరాజ్ తమ్ముళ్ళకు ఇవ్వొద్దు. గోడలో కదలకుండా ఉండే వైర్ అది, తీగలు తక్కువ, లావుగా ఉంటాయి. బండి అదురుకు లగ్గు దగ్గర తెగుతుంది. మామూలు పీవీసీ తోలు పెట్రోలు, నూనె తగిలితే పాడవుతుంది. బండి వైర్ సన్న తీగలతో ఉంటుంది, అదే కొనండి. జాయింట్లు మెలేసి టేపు చుట్టడం వద్దు, లగ్గు పెట్టి క్రింపింగ్ చేసి పైన స్లీవ్ వేడి చేయండి. ఇక్కడి ఎండకు టేపు జిగురు కారి రెండు నెలల్లో టేపు ఊడి వేలాడుతుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే ముక్క. ఇనర్షియా స్విచ్ ఒక్కటే చాలదు. డ్యూన్ బ్యాషింగ్‌లో బండి ఇసుక దిబ్బ మీద నుంచి మెల్లగా పక్కకు ఒరిగి పడిందనుకోండి. గట్టి దెబ్బ లేదు కాబట్టి గుండు అయస్కాంతాన్ని వదలకపోవచ్చు. ఇంజన్ ఆగిపోతుంది, తాళం ఆన్‌లోనే ఉంటుంది, బండి తలకిందులుగా ఉంటుంది. అప్పుడు పంపును ఆపేది "ఇంజన్ తిరగట్లేదు" అన్న రెండో కాపలా. కంప్యూటర్ ఉన్న బండిలో అది ఉచితంగా వస్తుంది, పంపు రిలేని కంప్యూటర్‌తోనే నడిపిస్తే. కొందరు సుఖంగా ఉంటుందని 85ని పర్మినెంట్ ఎర్త్ చేసేస్తారు. ఆ ఒక్క వైర్‌తో రెండో కాపలా పోయినట్టే.

కార్బురేటర్ బండికి కరెంటు పంపు పెడితే ఈ కాపలా మనమే కట్టాలి. ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే పల్స్ చూసి నడిచే రిలేలు దొరుకుతాయి. బాష్ పాత కె-జెట్రానిక్ బండ్లలో ఇదే పద్ధతి: పల్స్ ఆగితే పంపు ఆగుతుంది. ఇంకో దారి ఆయిల్ ప్రెషర్ స్విచ్. ఇక్కడ ఒక బోల్తా ఉంది. డ్యాష్‌బోర్డ్ ఆయిల్ లైటుకి వాడే మామూలు స్విచ్ ప్రెషర్ లేనప్పుడు కలుస్తుంది, వచ్చాక తెరుచుకుంటుంది. పంపుకి కావాల్సింది దానికి సరిగ్గా ఉల్టా. ఉన్న ఆయిల్ స్విచ్‌కే వైర్ కలిపితే ఇంజన్ ఆగినప్పుడు పంపు నడుస్తుంది, ఇంజన్ నడిచినప్పుడు ఆగుతుంది!

ఆయిల్ స్విచ్ పెడితే సెల్ఫ్ కొట్టేటప్పుడు ప్రెషర్ ఉండదు కాబట్టి స్టార్టర్ వైర్ నుంచి రిలేకి తాత్కాలికంగా కరెంటు ఇవ్వాలి. ఆ వైర్‌ని ఇగ్నిషన్ వైర్‌తో నేరుగా ముడేస్తే కరెంటు వెనక్కి పోయి సెల్ఫ్ మోటార్‌ని పట్టి ఉంచే ప్రమాదం ఉంది. మధ్యలో డయోడ్ పెట్టండి, లేదా ఈ పనికే వచ్చే మూడు కాళ్ళ ఆయిల్ స్విచ్ కొనండి. ఏ దారిలో కరెంటు వచ్చినా అది ఇనర్షియా స్విచ్ దాటుకునే పంపుని చేరాలి.

బిగించే చోటు. స్విచ్ నిలువుగా, బటన్ పైకి ఉండాలి. గట్టి ఇనుము మీద, అంటే పిల్లర్, ఫైర్‌వాల్, ఛాసిస్‌కి అతికిన మందపాటి రేకు. ప్లాస్టిక్ ట్రిమ్ మీద పెడితే గుద్దుకున్న దెబ్బను ప్లాస్టిక్ మింగేస్తుంది, మామూలు అదురుకేమో ఊగి పడిపోతుంది. ఇంజన్ పక్కన వేడి, బంపర్ దగ్గర నలుగుడు, రెండూ పనికిరావు. డ్రైవర్ చేతికి అందాలి, కానీ కాలు తగలకూడదు.

పరీక్ష చేయకుండా తాళాలు ఇవ్వొద్దు. ఇంజన్ నడుస్తుండగా స్విచ్ విప్పి చేత్తో పట్టుకుని అరచేతిలో గట్టిగా కొట్టండి, క్లిక్ మని పడాలి, ఇంజన్ ఆగాలి, ఎర్ర లైటు వెలగాలి. తాళం తిప్పి సెల్ఫ్ కొట్టినా పంపు పలకకూడదు. బటన్ నొక్కితే మళ్ళీ నడవాలి. రెండోది: తాళం ఆన్‌లోనే ఉంచి, ఇంజన్‌ని ఇగ్నిషన్ కాయిల్ ఫ్యూజ్ పీకి ఆపండి. కొన్ని సెకన్లలో పంపు శబ్దం ఆగాలి. ఆగకపోతే రెండో కాపలా లేదని అర్థం. మూడోది: పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, పంపు దగ్గర వోల్టేజ్ చూడండి. తేడా అర వోల్ట్ దాటితే ఏదో జాయింట్ సరిగ్గా లేదు, లేదా వైర్ సన్నం.

ఇక అల్ ఖూజ్‌లో నిజంగా జరిగేది చెప్తా. నిస్సాన్ పట్రోల్ ఒకటి, 4.8 లీటర్ల ఇంజన్‌కి టర్బో వేసినది, తమ్ముడి గరాజ్‌కి వచ్చింది. ఇసుకలో ఎగిరినప్పుడల్లా స్విచ్ పడుతోందట. ఓనర్ వచ్చి "జంపర్ వేసెయ్, ఖల్లాస్" అన్నాడు. ఫోర్‌మన్ కూడా తల ఊపాడు. తమ్ముడు వైర్ ముక్క చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. రెండు నిమిషాల పని, అడిగినవాళ్ళు జీతం ఇచ్చేవాళ్ళు. కాదనడం తేలిక కాదని మనందరికీ తెలుసు.

వాడు కాదనలేదు. "ముందు ఎక్కడ బిగించారో చూద్దాం బాస్" అన్నాడు. చూస్తే స్విచ్ ఒక పల్చటి రేకు ముక్కకి ఒకే స్క్రూతో వేలాడుతోంది. దాన్ని పిల్లర్ దగ్గరి మందపాటి రేకు మీదికి మార్చి రెండు బోల్టులు వేశాడు. గంట పని. అలా మార్చినా పడుతుంటే ఎక్కువ జీ దగ్గర పడే స్విచ్ కొనాలి, అది ఎంత దగ్గర పడుతుందో కంపెనీ కాగితంలో ఉంటుంది. ఓనర్‌కి కావాల్సింది ఎడారిలో బండి ఆగకపోవడం, జంపర్ కాదు. ఆ తేడా చూపిస్తే మామూలుగా ఒప్పుకుంటారు.

ఒప్పుకోకపోతే? జాబ్ కార్డ్ మీద "కస్టమర్ కోరిక మీద ఇనర్షియా స్విచ్ బైపాస్" అని రాసి సంతకం పెట్టమని అడగండి. సైట్‌లో మేం చేసేది అదే. నోటితో చెప్పినప్పుడు అందరికీ ధైర్యం ఉంటుంది, పెన్ను ఇస్తే సగం మంది "సరే, స్విచ్ ఉండనియ్" అంటారు. సంతకం పెడితే దాని ఫోటో మీ ఫోన్‌లో ఉండాలి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఇంజన్ మార్చిన బండికి అనుమతి కావాలి. 2017 నాటి ఫెడరల్ ట్రాఫిక్ పట్టికలోనే అనుమతి లేకుండా ఇంజన్ గానీ ఛాసిస్ గానీ మారిస్తే 1000 దిర్హాములు, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి జప్తు అని ఉంది. ట్రయల్ రన్‌కి తీసుకెళ్ళేది మీరైతే, స్టీరింగ్ మీద ఉన్నది మీరే.

చివరి పని స్టిక్కర్. స్విచ్ పక్కనే, చెరగని పెన్‌తో, ఓనర్ భాషలోనూ నడిపేవాడి భాషలోనూ రాయండి. స్విచ్ పడిందంటే ఊరికే బటన్ నొక్కకూడదు. ముందు తాళం తీయాలి. దిగి బండి కింద చూడాలి, పెట్రోలు వాసన చూడాలి. తడి గానీ వాసన గానీ ఉంటే బటన్ ముట్టుకోకుండా దూరం జరిగి 997కి ఫోన్ చేయాలి, అది సివిల్ డిఫెన్స్ నంబర్. ఏమీ లేకపోతే బటన్ నొక్కి, తాళం రెండు సెకన్లు ఆన్ చేసి ఆపి, దిగి ఇంకోసారి కింద చూడాలి. పొడిగా ఉంటేనే స్టార్ట్ చేయాలి. తమ్ముడు ఆ పట్రోల్‌కి అరబిక్‌లో పక్క షాపు మలబారీ చేత రాయించాడు, ఇంగ్లీష్‌లో, హిందీలో తనే రాశాడు.